తలుపు లోపలి మనిషి

తూరిన్‌లో మా వర్క్‌షాపులోకి అడుగుపెడితే
ముందు గంధకం వాసన కొడుతుంది.
కార్ల నమూనాలు చేసే మట్టి అది,
పొయ్యిలో వెచ్చబెడితే తప్ప మాట వినదు.
నిరుడు ఇదే మట్టి ఎగిరే స్కూటరు.
అంతకుముందు, యజమాని ఆకలి కనిపెట్టి
తనే తలుపు తీసే ఫ్రిజ్.
ఏదీ ఏ ఇంటికీ చేరలేదు.
గీకి, ముద్దచేసి, మళ్ళీ పొయ్యిలో పెట్టాం.

ఎవాసియో దాన్ని
జ్వరమొచ్చిన పిల్లాడి వీపులా నిమురుతాడు, కళ్ళు మూసుకుని.
వెంట్రుక మందం గుంట ఉన్నా
ఆ అరచేతికి రాయి తగిలినట్టే.

ఈసారి చేసింది రెండువేల యాభైలో తిరిగే కారు.
స్టీరింగు లేదు. పక్క అద్దాలు లేవు.
ముందేదో వెనకేదో
రంగు వేసే దావిదె కూడా రెండుసార్లు అడిగాడు.
జారబోయి ఆగిన నీటిబొట్టులా ఉంటుంది.
ఇంజనా?
అది వేరేవాళ్ళ పని, వేరే కాలం పని.
నలుగురు మోకాళ్ళు వంచి తోస్తే వేదిక ఎక్కింది.
పైన పటారం లోన లొటారం అని నవ్వబోయాను గానీ
ఆ లొటారంలోనే
ఎవాసియో పడుకోవాల్సి వచ్చింది.

తలుపు కోసం.
అరచెయ్యి చూపిస్తే మనిషిని గుర్తుపట్టి
రెక్కలా లేవాలి తలుపు.
లేపే మోటారు మిలాన్ నుంచి వచ్చింది,
ప్రదర్శన ముందురోజు రాత్రి కాలిపోయింది.
కమురు వాసన పోవడానికి కాఫీపొడి చల్లాం.
"నీవెస్, తాడు తే" అన్నాడు ఎవాసియో.
అరవై మూడేళ్ళు, పొట్టి మనిషి,
సీటు వెనక ఒత్తిగిలి సరిపోయాడు
పెట్టెలో సర్దిన గొడుగులా.
చూడ్డానికి సూదిబెజ్జమంత కంత.

పదకొండింటికి స్వేవా వేదిక మీదికొచ్చింది.
వెండి రంగు గౌను, బుగ్గ పక్కన మైకు.
చెయ్యెత్తింది.
తలుపు లేచింది.
కెమెరాలు మూకుట్లో ఆవాల్లా చిటపటలాడాయి.
ఎవరో జర్మన్ పెద్దమనిషి తానూ చెయ్యెత్తాడు,
అతన్నీ గుర్తుపట్టింది తలుపు.
ఒకావిడ మాత్రం, సంచిలోంచి ఉల్లికాడలు తొంగిచూస్తుంటే,
"ఇది ఎక్కడ పెట్టుకోవాలమ్మా?" అంది.
ఎవరమూ పలకలేదు.
సంచి పెట్టుకునే చోటే ఎవాసియో ఉన్నాడు మరి.

నాలుగో ఆట. మధ్యాహ్నం, భోజనాలయ్యాక.
స్వేవా చెయ్యెత్తింది.
తలుపు కదల్లేదు.
మళ్ళీ ఎత్తింది, నవ్వు చెదరకుండా.
హాలంతా ఊపిరి బిగబట్టింది.
అప్పుడు
ఆ నీటిబొట్టు లోపల్నుంచి, సన్నగా, తాపీగా
రెండువేల యాభై గురక పెట్టింది.

"ఆలోచిస్తోంది" అంది స్వేవా.
విలేఖరులు రాసుకున్నారు.
మర్నాడు ఒక పత్రిక దాన్ని
ప్రాణమున్న యంత్రపు ఊపిరి అంది.
మా యజమాని ఆ ముక్క కత్తిరించి గోడకి అంటించాడు.
కొత్త మోటారు ఇప్పట్లో వద్దన్నాడు.

అది తర్వాతి సంగతి.
ఆ రాత్రి, హాలు ఖాళీ అయ్యాక
చంకలు పట్టి బయటికి లాగాం ఎవాసియోని.
ఎడం కాలు తిమ్మిరెక్కింది.
తాడు ఒరుసుకున్న చోట ఎర్రటి గీత,
ఆ అరచేతిలోనే.
"ఎలా ఉంది లోపల?" అన్నాను.
"చీకటి.
కాళ్ళు చాపుకోడానికి లేదు.
ఇంకో రెండు వేళ్ళు వెడల్పు పెట్టాల్సింది,
తప్పు నాదే."

వానలో ట్రామెక్కాం.
మా కోట్ల గంధకానికి ఎదుటి సీటు కుర్రాడు ముక్కు తిప్పుకున్నాడు.
ఎవాసియో స్టాపు వచ్చింది.
తలుపు తనంతట తనే తెరుచుకుంది.
అతను వెంటనే దిగలేదు.
తలుపు పక్క రేకు సందులోకి ఒకసారి తొంగిచూసి
టోపీ అంచు రెండు వేళ్ళతో ఎత్తి
దిగిపోయాడు.